సైకిల్‌కు పన్ను, బీమా: ఏది కట్టాలి, ఏది అక్కరలేదు, ఏది మీ హక్కు

సైకిల్ మీద పనికి వెళ్ళేవారు ఎప్పుడో ఒకప్పుడు వినే మాట ఒకటుంది: "రోడ్డు పన్ను కట్టేది మేము, మీకు దారెందుకివ్వాలి?" ఆ మాటకు తలవంచుకుని పక్కకు తప్పుకునేవారి కోసం ఇది రాస్తున్నాను. చట్టం సైకిల్ యజమానిని ఏమి అడుగుతుందో, ప్రమాదం జరిగితే ఎవరి బీమా తనను ఆదుకుంటుందో తెలియక నష్టపోయేవారిలో ఎక్కువమంది రోజు కూలీలు, కాపలాదారులు, పాలు పోసేవారే.

ముందుగా చట్టం సంగతి చూద్దాం. రిజిస్ట్రేషన్, జీవితకాల పన్ను, తప్పనిసరి బీమా అన్నవి 1988 నాటి మోటారు వాహనాల చట్టం నిర్వచనంలోకి వచ్చే వాహనాలకే వర్తిస్తాయి. కాలితో తొక్కే సైకిల్ ఆ నిర్వచనంలోకి రాదు కనుక ఆంధ్రప్రదేశ్‌లోనైనా తెలంగాణలోనైనా దానికి రోడ్డు పన్ను లేదు, లైసెన్సు లేదు, బీమా పత్రమూ అక్కరలేదు. మీ దగ్గర ఉండవలసింది కొన్న రసీదు ఒక్కటే. దానితోపాటు ఒక చిన్న పని చేయండి: సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టి, పెడళ్ళ ఇరుసు ఉండే గొట్టం అడుగున మట్టిని కొబ్బరిపీచుతో రుద్దితే చాలా సైకిళ్ళకు అక్కడ లోహంలో చెక్కిన ఫ్రేమ్ నంబరు అంకెలు కనిపిస్తాయి. వాటిపై పలచటి కాగితం ఉంచి పెన్సిల్‌తో మెల్లగా రుద్ది, ఆ అచ్చును రసీదుతో కలిపి దాచండి. సైకిల్ పోయినప్పుడు అది మీదేనని చూపడానికి ఇంతకన్నా గట్టి ఆధారం దొరకదు.

ఎలక్ట్రిక్ సైకిల్ కొనేవారు మాత్రం ఇక్కడ కాస్త ఆగాలి. మోటారు సామర్థ్యం 250 వాట్ల లోపు ఉండి, వేగం గంటకు 25 కిలోమీటర్లు చేరగానే గానీ మీరు తొక్కడం ఆపగానే గానీ మోటారు సాయం ఆగిపోయి, బ్యాటరీ కాకుండా బరువు 60 కిలోలు మించకుండా, బ్రేకులతోపాటు ముందు తెలుపు, వెనుక ఎరుపు రిఫ్లెక్టర్లు ఉంటేనే నిబంధనలు దానిని మోటారు వాహనంగా లెక్కించవు. దుకాణదారు మాటతో సరిపెట్టుకోకుండా, ఆ మోడల్‌కు పరీక్షా సంస్థ ఇచ్చిన ధ్రువపత్రం నకలు అడిగి తీసుకోండి. కొన్న తరువాత వేగపు కట్టడిని తీయించారంటే అది మోటారు వాహనమైపోతుంది. అప్పుడు రిజిస్ట్రేషన్, పన్ను, లైసెన్సు, బీమా అన్నీ కావాలి. బీమా లేకుండా మోటారు వాహనం నడిపితే మొదటిసారే 2,000 రూపాయల జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు.

ఇక సైకిల్‌కూ పన్ను వేయాలా అన్న ప్రశ్న. మా తాతగారి సైకిల్ హ్యాండిల్ కింద, ఏడాదికోసారి పంచాయతీకి పన్ను కట్టి తెచ్చుకున్న రేకు బిళ్ళ ఒకటి తుప్పుపట్టి వేలాడుతుండేది. అంటే ఈ ఆలోచన మనకు కొత్తది కాదు. వేసి, వదిలేసిన పన్నే అది. దానిని మళ్ళీ తేవడం అన్యాయమని నా నిశ్చితాభిప్రాయం. 1950ల చివర అమెరికాలోని ఇలినాయ్‌లో ప్రత్యేకంగా వేసిన రోడ్లపై లారీలు తిప్పి చేసిన పరీక్షల నుంచి ఇంజనీర్లు ఒక సూత్రం రాబట్టారు: రోడ్డుకు జరిగే అరుగుదల దాదాపుగా ఇరుసు బరువు నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది, అంటే బరువు రెట్టింపైతే అరుగుదల పదహారు రెట్లవుతుంది. మనిషితో కలిపి సైకిల్ 90 కిలోలనుకుంటే ఇరుసుకు 45 కిలోలు, కారు 1,200 కిలోలనుకుంటే ఇరుసుకు 600. బరువులో తేడా పదమూడు రెట్లే అయినా, ఆ లెక్కన అరుగుదలలో తేడా 30,000 రెట్లు దాటుతుంది. పెట్రోలు, డీజిలు మీద వసూలు చేసే సుంకంలో కొంత కేంద్ర రహదారులు, మౌలిక సదుపాయాల నిధికి చేరుతుందన్న మాట నిజమే. అయితే మన వీధుల రోడ్లు ఎక్కువగా ఆస్తి పన్నుతో, రాష్ట్ర ఖజానాతో నడుస్తాయి. ఆ రెండింటికీ సైకిల్ తొక్కే కుటుంబం అందరిలాగే కడుతోంది; అద్దె ఇంట్లో ఉన్నా ఆ అద్దెలో ఇంటి పన్ను కలిసే ఉంటుంది.

తప్పనిసరి బీమాను సులువుగా కొట్టిపారేయలేము, ఎందుకంటే సైకిల్ తగిలి ముసలివారు పడిపోతే తుంటి ఎముక విరగవచ్చు. స్విట్జర్లాండ్‌లో చాలా కాలం ప్రతి సైకిల్‌కూ బీమాతో కూడిన బిళ్ళ అతికించుకోవలసి ఉండేది. చాలామందికి వ్యక్తిగత బాధ్యత బీమా ఎలాగూ ఉన్నందున 2012 నుంచి దానిని ఎత్తివేశారు. మన దగ్గర అటువంటి బీమా ఉన్న ఇళ్ళు తక్కువే. అయినా పేదవాడి వాహనానికి షరతు పెట్టడం కన్నా, స్తోమత ఉన్నవారు స్వచ్ఛందంగా తీసుకోవడమే మేలు. ఇంటి బీమా తీసుకునేటప్పుడు, ఇతరులకు కలిగించిన గాయానికి మీ తరఫున చెల్లించే అంశం అందులో ఉందా, ఇంటి బయట సైకిల్ మీద ఉన్నప్పుడూ వర్తిస్తుందా అని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. నిర్లక్ష్యంగా తొక్కితే భారతీయ న్యాయ సంహిత 281వ సెక్షన్ సైకిల్‌కూ వర్తిస్తుందని గుర్తుంచుకోవాలి.

మీ సొంత రక్షణకు ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ఉంది. 18 నుంచి 70 ఏళ్ళ లోపు వారు బ్యాంకు ఖాతా లేదా పోస్టాఫీసు ఖాతా ద్వారా ఏడాదికి 20 రూపాయలు కట్టి చేరవచ్చు. ప్రమాదంలో మరణించినా, పూర్తి శాశ్వత వైకల్యం కలిగినా 2 లక్షలు, పాక్షిక శాశ్వత వైకల్యానికి 1 లక్ష ఇస్తారు. ఆసుపత్రి ఖర్చు ఇందులో రాదు. బీమా ఏడాది జూన్ 1న మొదలవుతుంది కాబట్టి మే నెలాఖరులో ఖాతాలో డబ్బు ఉండేలా చూసుకోండి.

మోటారు వాహనం మిమ్మల్ని గుద్దితే, ఆ వాహన యజమాని కట్టిన థర్డ్ పార్టీ బీమా మీ కోసమే. చట్టం దానిని తప్పనిసరి చేసినది దారిన పోయే మీలాంటివారి నష్టం తీర్చడానికే. ముందు 112కు ఫోన్ చేయండి. 2025లో వచ్చిన పథకం ప్రకారం గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల దాకా నగదు కట్టకుండా చికిత్స పొందవచ్చు. వాహనం నంబరును మీరు చూడలేకపోతే చుట్టూ ఉన్నవారిని అడిగి అప్పుడే రాయించుకోండి. కేంద్ర రవాణా శాఖ వారి ఎంపరివాహన్ యాప్‌లో ఆ నంబరు కొడితే బీమా ఎప్పటి వరకు ఉందో తెలుస్తుంది. వంగిన చక్రాన్ని సరిచేయించే ముందు ఫోటోలు తీయండి. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. పరిహారం కోసం ప్రమాదం జరిగిన చోట ఉన్న మోటారు ప్రమాదాల పరిహార ట్రిబ్యునల్‌లోనే కాక మీరు నివసించే ప్రాంతపు ట్రిబ్యునల్‌లోనూ దరఖాస్తు చేసుకోవచ్చు. చట్టంలోని గడువు ఆరు నెలలు. గుద్దిన వాహనం ఏదో తేలకపోతే ఆర్డీఓకు గానీ తహసీల్దారుకు గానీ దరఖాస్తు పెట్టండి: మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 రూపాయలు ఇచ్చే పథకం 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది.