పిల్లికి ఉన్నట్టుండి కడుపు పాడైతే ఏం చేయాలి?

రాత్రి బాగానే తిని పడుకున్న పిల్లి, తెల్లారేసరికి రెండుసార్లు కక్కి, లిట్టర్ బాక్స్‌లో నీళ్ళలా విరేచనం చేసిందంటే ఎవరికైనా గుండె గుబేలుమంటుంది. ఆ కంగారులో చేయి మందుల డబ్బా మీదికి పోతుంది. దయచేసి అక్కడే ఆగండి. మామూలు అజీర్తి చాలావరకు ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. కానీ ఒక్క పారాసెటమాల్ మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. ఆ మందును విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు. ఇబుప్రోఫెన్, ఆస్పిరిన్‌ల సంగతీ అంతే. మనుషుల విరేచనాలు ఆపే మందులు కూడా డాక్టర్ చెప్పకుండా వేయకూడదు.

1. ముందు పిల్లిని పరీక్షగా చూడండి

పై పెదవిని బొటనవేలితో మెల్లగా ఎత్తండి. చిగురు తడిగా, లేత గులాబీ రంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే ఆ చోటు తెల్లబడి, 2 సెకన్లలోపు మళ్ళీ రంగు రావాలి. చిగురు పొడిబారి వేలికి జిగటగా తగిలితే ఒంట్లో నీరు తగ్గిందన్నమాట. కొన్ని పిల్లులకు చిగుళ్ళ మీద నల్ల మచ్చలు సహజంగానే ఉంటాయి. అందుకే పిల్లి హుషారుగా ఉన్న రోజునే ఒకసారి చూసి గుర్తుపెట్టుకుంటే మంచిది.

తర్వాత నోరు తెరిచి నాలుక కింద చూడండి. ఇది చాలామందికి తట్టదు. పిల్లి ఆడుకుంటూ మింగిన కుట్టుదారం ఒక్కోసారి నాలుక మొదట్లో చిక్కుకుని, రెండో కొస పేగుల్లోకి దిగుతుంది. పేగు దాన్ని ముందుకు నెట్టబోయి తానే ముడతలు పడుతుంది, దారం దాన్ని కోసేస్తుంది. దారం నోట్లో కనిపించినా, తోక కింద వేలాడుతున్నా లాగకండి, కత్తిరించకండి. అలాగే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.

వాంతిలో ఏముందో కూడా చూడండి. వెంట్రుకల ఉండా, నమలకుండా మింగిన తిండా, ఆకు ముక్కలా? ఫోటో తీసి పెట్టుకోండి, మలం కొంచెం మూత ఉన్న డబ్బాలో దాచండి. డాక్టర్ దగ్గర మనం చెప్పే మాటల కన్నా అవే ఎక్కువ పనికొస్తాయి.

2. ఇంట్లో ఆగకూడని పరిస్థితులు

నీళ్ళు తాగినా కక్కేస్తుంటే, వాంతిలో రక్తం ఉంటే, మలం తారులా నల్లగా ఉంటే, చిగుళ్ళు పాలిపోయినా పసుపుపచ్చగా మారినా, పిల్లి ఓ మూల ముడుచుకుని పిలిచినా పలక్కపోతే వెంటనే బయల్దేరాలి. లిల్లీ మొక్కను కొరికిందని అనుమానం వచ్చినా అంతే. ఆ పుప్పొడి ఒంటిమీద పడి, దాన్ని నాకినా మూత్రపిండాలు దెబ్బతింటాయి. లక్షణాల కోసం ఎదురుచూడొద్దు. ఉప్పునీళ్ళు తాగించి కక్కించే ప్రయత్నం అసలే వద్దు.

పిల్లికూనల విషయంలో ఆగి చూసే సమయం ఉండదు. టీకాలు పడని కూనకు వాంతులు, విరేచనాలు కలిసి వస్తే అది పాన్‌ల్యూకోపీనియా అనే ప్రమాదకరమైన వైరస్ జబ్బు కావచ్చు. అదే రోజు చూపించండి.

మగపిల్లి లిట్టర్ బాక్స్‌లో కూర్చుని పదేపదే ముక్కుతుంటే మలబద్ధకమని అనుకోకండి. మూత్రం ఆగిపోయి ఉండవచ్చు, అది గంటల్లో ప్రాణం మీదికి తెచ్చే విషయం.

3. తిండి ఆపేయకండి

‘ఒక రోజు కడుపు ఎండబెడితే అదే సర్దుకుంటుంది’ అనే సలహా పిల్లికి పనికిరాదు. తిండి లేకపోతే దాని ఒంట్లోని కొవ్వు కరిగి కాలేయంలో పేరుకుంటుంది. రెండు మూడు రోజులు తినకపోతే, ముఖ్యంగా లావుగా ఉన్న పిల్లికి, కాలేయమే చెడిపోవచ్చు. కాబట్టి 24 గంటలు ఏమీ ముట్టకపోతే డాక్టర్‌కు ఫోన్ చేయాల్సిందే.

పెద్ద పిల్లి అయితే, వాంతి ఆగాక రెండు మూడు గంటలు కడుపుకు విశ్రాంతి చాలు. ఆ తర్వాత తోలు, ఎముకలు లేకుండా ఉడికించిన కోడిమాంసం ఒక చెంచాడు పెట్టండి. ఉప్పు, నూనె వద్దు. ఉల్లి, వెల్లుల్లి తగలనే కూడదు, అవి పిల్లి రక్తకణాలను నాశనం చేస్తాయి. మాంసం గోరువెచ్చగా ఉండాలి. పిల్లి వాసన చూసి తింటుంది, చల్లారిన ముక్కకు వాసన అంతగా రాదు. కక్కకపోతే ఇంకో రెండు గంటలకు మరో చెంచాడు, అలా రోజుకు ఐదారుసార్లు.

నీళ్ళ గిన్నె ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. సిరంజితో బలవంతంగా పోస్తే నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పాలు వద్దు, ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి అవి అరగవు, విరేచనాలు ఇంకా పెరుగుతాయి.

4. తగ్గుముఖం పట్టాక

మలం గట్టిపడ్డాక పాత తిండిని కొద్దికొద్దిగా కలుపుతూ మూడు నాలుగు రోజుల్లో మామూలుకు తీసుకురండి. లిట్టర్ బాక్స్ రోజూ కడగండి, చేతులు సబ్బుతో కడుక్కోండి. ఇంట్లో వేరే పిల్లులుంటే వాటి గిన్నెలు, బాక్స్ విడిగా పెట్టండి. విరేచనాలు 48 గంటలు దాటినా, తగ్గినట్టే తగ్గి మళ్ళీ మొదలైనా తాజా మలం కొంచెం తీసుకుని డాక్టర్‌ను కలవండి, పురుగులున్నాయేమో పరీక్షలో తెలుస్తుంది.

విరేచనాలు ఆగాక ఒకటి రెండు రోజులు అసలు మలమే రాకపోతే భయపడొద్దు. పేగులు ఖాళీ అయ్యాయి కాబట్టి నిండడానికి అంత సమయం పడుతుంది. ఈలోగా అది తింటోందా, మూత్రం పోస్తోందా, ఒళ్ళు నాకి శుభ్రం చేసుకుంటోందా అని మాత్రం చూస్తూ ఉండండి.