గేరు వేస్తే ‘టక్’

గేరు వేసి క్లచ్ వదలగానే జీపు కింద ‘టక్’మని చప్పుడు. మొదట గేరుబాక్సును అనుమానించాను, పాపం దాని తప్పేమీ లేదు. చక్రాలకు దిమ్మలు అడ్డుపెట్టి, బండిని న్యూట్రల్‌లో ఉంచి కిందికి దూరాను. గేరుబాక్సు నుంచి చక్రాల వైపు శక్తిని మోసే కడ్డీ, అంటే డ్రైవ్ షాఫ్టును చేత్తో అటూ ఇటూ తిప్పితే, దాని వెనక చివర కీలులా పనిచేసే యూనివర్సల్ జాయింటు వదులుగా ఆడుతోంది. బేరింగు కప్పు అంచున ఎర్రటి తుప్పు పొడి. అంటే లోపల గ్రీజు ఎప్పుడో ఎండిపోయింది.

విప్పే ముందు షాఫ్టుకూ, అది బోల్టులతో బిగిసే పళ్లెంలాంటి ఫ్లాంజికీ కలిపి రంగుతో గీత పెట్టుకున్నాను. పాత స్థానంలోనే బిగించకపోతే అదురు మొదలయ్యే ప్రమాదం ఉంది. జాయింటు నడుమ ఉండే ప్లస్ గుర్తు ఆకారపు ముక్క, అంటే పాత క్రాస్ మీద సూది బేరింగుల (కప్పు లోపల ఉండే సన్నటి కడ్డీల) గాట్లు గోటికి తగిలేంత లోతుగా పడ్డాయి.

కొత్తది ఎక్కిస్తుంటే నాలుగో కప్పు దగ్గర, దాన్ని జారిపోకుండా పట్టి ఉంచే రింగు లాంటి సర్‌క్లిప్ గాడిలో కూర్చోలేదు. సుత్తితో ఇంకో దెబ్బ వేద్దామనిపించింది. వేయకపోవడం నా అదృష్టం. కప్పు తీసి చూస్తే ఒక సూది జారి అడుగున అడ్డంగా పడి ఉంది. గ్రీజుతో సూదులన్నిటినీ కప్పు గోడకు అంటించి మళ్లీ ఎక్కించాను. ఈసారి క్లిప్పు సులువుగా దిగింది. కప్పుల్లోకి దుమ్ము పోకుండా ఆపే నాలుగు సీళ్ల అంచుల్లోనూ కొత్త గ్రీజు తొంగిచూసేదాకా గ్రీజు గన్ నొక్కాను.

ఇప్పుడు ‘టక్’ లేదు.