ఎనిమిది మంది కలిసి 20 ప్రతుల ఆర్టిస్ట్ బుక్ చేయడం ఎలా?

ఆర్టిస్ట్ బుక్ అంటే కళాకారులే కళాకృతిగా తయారుచేసే పుస్తకం. కలిసి చేసేవి బొమ్మలు బాగోక పాడవడం తక్కువ. ఎనిమిది మంది అచ్చులు ఎనిమిది రకాలుగా పడతాయి, పుస్తకం తెరవగానే బొమ్మలు ఒకటి పైకి, ఒకటి కిందికి కనిపిస్తాయి. ఆరు నెలల పని రెండు మిల్లీమీటర్ల దగ్గర చెడుతుంది. అందుకే ఇక్కడ ఎక్కువ భాగం ఆ రెండు మిల్లీమీటర్ల గురించే.

పుస్తకం ఇది: పేజీ 12 × 18 సెం.మీ., ఒక్కొక్కరు రెండు పేజీల మీదుగా సాగే ఒక లినోకట్ (లినోలియం పలకను చెక్కి తీసే అచ్చు) వేస్తారు, ఎనిమిదీ అతికించి అకార్డియన్‌లా, అంటే ముందుకొకటి వెనక్కొకటిగా మడుస్తారు. విడి అచ్చులను పెట్టెలో పెట్టి పుస్తకం అనడం నాకు నచ్చదు. పేజీ తిప్పితేనే పుస్తకం.

కాగితం. కొనేదీ కోసేదీ ఒక్కరే. 160–180 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) నునుపు కాగితం, 56 × 76 సెం.మీ. షీట్లు. ఒక్కో ముక్క 25.5 × 18: రెండు పేజీలకు 24, అతికించే రెక్కకు 1.5. ఒక్కొక్కరికి 30 ముక్కలు కావాలి. 20 ఎడిషన్‌కు, అంటే నంబరు వేసే ప్రతులకు, 2 ఆ లెక్కలోకి రాని ఆర్టిస్ట్ ప్రూఫ్‌లకు, 8 పాడయ్యేవాటికి. ఒక్కరి దగ్గర 19 మంచివే మిగిలితే మిగతా ఏడుగురి శ్రమ కూడా 19 దగ్గరే ఆగుతుంది, కాబట్టి ఆ ఎనిమిదింటి దగ్గర పిసినారితనం వద్దు.

గ్రెయిన్, అంటే కాగితంలో పీచు సాగే దిశ, మడతకు సమాంతరంగా 18 సెం.మీ. అంచు వెంట ఉండాలి. షీటును మడత పడకుండా రెండు వైపులా వంచి చూడండి, తేలిగ్గా వంగినప్పుడు ఆ వంపు గీత ఎటు ఉందో గ్రెయిన్ అటే. అది 76 వైపు ఉంటే షీటుకు 8 ముక్కలొస్తాయి, 30 షీట్లు చాలు. 56 వైపు ఉంటే 6 ముక్కలే, 40 షీట్లు కావాలి. గ్రెయిన్‌కు అడ్డంగా మడిస్తే మడత మీద పీచు లేచి ఇంక్ పగులుతుంది.

బ్లాక్. 22 × 16 సెం.మీ. లినో, అందరికీ ఒకే మందం. బొమ్మ తిరగబడి పడుతుందని అందరికీ తెలుసు, అక్షరాలు చెక్కేటప్పుడు మాత్రం మరిచిపోతారు. నడి మడత మీదికి ముఖాలు, అక్షరాలు రానివ్వకండి.

జిగ్, అంటే బ్లాక్, కాగితం ప్రతిసారీ ఒకే చోట కూర్చునేలా చేసే చట్రం. ఇక్కడ తొందరపడకండి.

40 × 35 సెం.మీ. గట్టి అట్ట తీసుకోండి. బ్లాక్ కోసిన లినోలోంచే సరిగ్గా 1 సెం.మీ. వెడల్పు పట్టీలు రెండు కోసి, కుడి కింది మూలలో ఎల్ ఆకారంలో, లంబకోణం చూసుకుని అతికించండి. బ్లాక్ ఆ మూలలోకి ఒదుగుతుంది, పట్టీ వెడల్పే పేజీ మార్జిన్ అవుతుంది. పట్టీ బయటి అంచుకు ఆనించి, దానికంటే 1 మి.మీ. ఎత్తు ఉండేలా మూడు అట్టముక్కలు నిలపండి: కింది అంచున దూరదూరంగా రెండు, కుడి అంచున ఒకటి. కాగితం అంచు ఆనే అడ్డులు ఇవే. మూడే ఎందుకంటే, నాలుగోది పెడితే కాగితం అంచులోని చిన్న వంకరకే ఏదో ఒక చోట ఆనదు, ఏది ఆనలేదో మీకు తెలియదు.

కుడి కింది మూల అన్నానంటే దానికి కారణం ఉంది. కాగితం బోర్లా పడుతుంది కాబట్టి రెక్క ఎడమకు వస్తుంది, మొదటి పేజీ అంచు కుడివైపు అడ్డుకు తగులుతుంది. పక్కవాళ్ల అచ్చును కలిసేది ఆ అంచే. ఎంత జాగ్రత్తగా కోసినా ముక్కల పొడవు అర మిల్లీమీటరు అటూఇటూ అవుతుంది, ఆ తేడా రెక్కలోకి పోవాలి, కనిపించే అంచులోకి రాకూడదు. ప్రతి ముక్క వెనక ఆ మూలలో పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టండి. రెండో రంగు వేసేటప్పుడూ అదే మూల ఆనాలి.

ఇంక్ రాసేటప్పుడు బ్లాక్‌ను బయటికి తీయండి, లేకపోతే పట్టీకి ఇంక్ అంటి మార్జిన్ మురికవుతుంది. మళ్లీ పెట్టాక మూలలోకి వేలితో నెట్టండి. కాగితాన్ని చేతులతో పైకి ఎత్తి పట్టుకునే ఉంచి, ముందుగా కింది రెండు అడ్డులకు ఆనించండి, తర్వాత కుడికి జరిపి మూడోదానికి తగిలించండి. ఆ మూలను బొటనవేలితో అదిమి పట్టుకుని అప్పుడు మిగతాది దించండి. ఇంక్‌ను తాకాక జరిపారంటే ఆ ముక్క పోయినట్టే, సరిచేయాలని చూడకండి.

పరీక్ష సులువు. ఒకే కాగితం మీద అదే బ్లాక్‌ను రెండుసార్లు అచ్చు వేయండి. సన్నటి గీత ఒక్కటిగా కనిపిస్తే జిగ్ సరే. జంటగీత కనిపిస్తే అడ్డు కదులుతోంది, లేదా బ్లాక్ మూలలోకి పూర్తిగా వెళ్లలేదు.

పెన్సిల్ గుర్తులు చూసి కంటి అంచనాతో పెట్టే పద్ధతి ఒక్కరి పనికి సరిపోతుందేమో, ఎనిమిది మంది కళ్లు ఒకేలా ఉండవు. జిగ్ ఒక్కటే చేసి చేతులు మార్చండి. కాగితం తడిపి వేయొద్దు: తడిస్తే గ్రెయిన్‌కు అడ్డంగా సాగుతుంది, రెండో రంగు నాటికి అంతే తడి ఉండదు, రంగులు కలవవు.

అచ్చు. రోలర్ కింద ఇంక్ సన్నగా చిటపటమనాలి. తడిగా పచపచమంటే ఎక్కువైనట్టు, సన్నగీతలు పూడిపోతాయి. అందరూ ఒప్పుకున్న ప్రూఫ్ (నమూనా అచ్చు) ఒకటి గోడకు పెట్టి, ప్రతి అచ్చునూ దాని పక్కన పెట్టి చూడండి. ఆయిల్ ఇంక్ కనీసం వారం ఆరాలి.

కూర్పు. నడి మడత బొమ్మ లోపలికి, రెక్క మడత వెనక్కి. రెక్క ముందువైపు పల్చగా పీవీఏ జిగురు రాసి తర్వాతి అచ్చు వెనక అతికించండి, మధ్యలో మైనపు కాగితం పెట్టి ఒక రోజు బరువు కింద ఉంచండి. ఎనిమిదో రెక్కకు కోలోఫన్ పేజీ, అంటే పుస్తకం వివరాల పేజీ వస్తుంది: ఎవరు ఏ బొమ్మ వేశారు, కాగితం, పద్ధతి, సంవత్సరం, 1/20 నుంచి 20/20 వరకు నంబరు, ఎనిమిది సంతకాలు, అన్నీ పెన్సిల్‌తో. అట్టలు 2 మి.మీ. మందం, పేజీ కంటే అన్ని వైపులా 3 మి.మీ. పెద్దవి.

ఎనిమిది ప్రతులు ఎనిమిది మందికీ, మిగతా పన్నెండు బయటికి. ఇది పని మొదలవకముందే కాగితం మీద రాసుకోండి. చివరి ప్రతి అయ్యాక, ఇంకెవరూ మళ్లీ అచ్చు వేయకుండా, ప్రతి బ్లాక్ మీదా అడ్డంగా ఒక లోతైన గీత చెక్కి, దాని అచ్చు ఒకటి తీసి ప్రూఫ్‌లతో పాటు దాచండి.