డైరీలు లేని లార్కిన్ జీవితాన్ని తారీఖులవారీగా కూర్చడం ఎలా?

ఇంగ్లీషు కవి ఫిలిప్ లార్కిన్ (1922–1985) మీద పరిశోధన మొదలుపెట్టేవాళ్లు డైరీల కోసం వెతకనక్కర్లేదు. ఆయన చనిపోయాక, ఆయన కోరిక ప్రకారమే, ముప్ఫై పైచిలుకు డైరీలను కార్యదర్శి బెట్టీ మెకరెత్ ముక్కలు చేసేశారు. మిగిలినవి అట్టలే. ఏ రోజు ఏం జరిగిందో ఉత్తరాలు, చిత్తుప్రతుల నుంచి మనమే కూర్చుకోవాలి.

ఉత్తరం రాసినవాళ్ల దగ్గర ఉండదు, అందుకున్నవాళ్ల దగ్గర ఉంటుంది. అందుకే కేటలాగుల్లో లార్కిన్ పేరుతో ఆగిపోకుండా, ఆయన ఎవరెవరికి రాశాడో ఆ పేర్లతోనూ వెతకండి. సహచరి మోనికా జోన్స్‌కు రాసినవి ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ లైబ్రరీలో, స్నేహితుడైన నవలాకారుడు కింగ్స్‌లీ ఎమిస్‌కు రాసినవి కాలిఫోర్నియాలోని హంటింగ్టన్ లైబ్రరీలో ఉన్నాయి. తల్లికి రాసినవి ఇంగ్లండ్‌లోని హల్ నగరంలో, హల్ హిస్టరీ సెంటర్‌లో. కవితల చిత్తుపుస్తకాలు కూడా చాలావరకు హల్‌లోనే. మొదటిది మాత్రం లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో.

ఇంత దూరం వెళ్లే ముందు అచ్చయినవి పూర్తిగా చదవండి. 1992 నాటి ఉత్తరాల సంకలనం, 2010లో వచ్చిన మోనికా ఉత్తరాలు, 2018లో వచ్చిన ఇంటి ఉత్తరాలు. మొదటిదాన్ని చదివే ఆగిపోతే మనిషి ఒకవైపే కనిపిస్తాడు. ఎమిస్‌తో మాట్లాడే నోరు వేరు, అమ్మతో మాట్లాడే నోరు వేరు. ఒకే వారంలో ముగ్గురికి రాసినవి పక్కపక్కన పెట్టుకోకుండా ఆయన స్వభావం మీద తీర్పు చెప్పకండి.

అందుకో పట్టిక కావాలి: తారీఖు, ఊరు, ఎవరికి, విషయం, దస్త్రం నంబరు. ఒకే ఉత్తరం రెండు మూడు రోజులు సాగితే ప్రతి రోజుకూ వేరే వరుస రాసుకోండి. తారీఖు లేనిదానికి కవరు మీది తపాలా ముద్ర చూడవచ్చు, కానీ అది పోస్టు చేసిన రోజే గానీ రాసిన రోజు కాదు. కవర్లు ఒక్కోసారి వేరే ఉత్తరాలతో కలిసిపోతాయి కూడా. ఊహించిన తారీఖు పక్కన ప్రశ్నార్థకం పెట్టకపోతే, ఆరు నెలల తర్వాత అదే నిజమనుకుంటారు.

చిత్తుపుస్తకాల్లో పని ఇంకా రుచిగా ఉంటుంది, ఎందుకంటే లార్కిన్ తన చిత్తుప్రతులకు తారీఖులు వేసేవాడు. కవితకు ఒక్క తారీఖు రాసి ఊరుకోకుండా మొదలు, విరామం, ముగింపు మూడూ రాసుకోండి. చావు భయం మీద రాసిన ‘ఒబాడ్’ కవిత ముగిసింది 1977 నవంబరు చివర్లో; అదే నెలలో ఆయన తల్లి పోయింది. ముగింపు తారీఖొక్కటే చూస్తే తల్లి చావు నుంచే ఆ కవిత పుట్టిందని రాసేస్తాం. కానీ అది మొదలైంది 1974లో. సమాధి మీద చేతులు పట్టుకుని ఉన్న దంపతుల విగ్రహాల గురించిన ‘యాన్ అరండెల్ టూమ్’ (1956) చిత్తుప్రతి కూడా ఇలాగే తొందరపాటు తీర్పును ఆపుతుంది. ప్రేమ మిగులుతుందన్న ఆఖరి మాటలు ఇప్పుడు లండన్‌లోని వెస్ట్‌మిన్‌స్టర్ అబే చర్చిలో ఆయన స్మారక ఫలకం మీద ఉన్నాయి. చిత్తుప్రతిలో మాత్రం, విగ్రహాలు వందల ఏళ్లు చేతులు పట్టుకున్నంత మాత్రాన ప్రేమ చావుకంటే బలమైనదేమీ కాదని ఆయనే రాసుకున్నాడు. కొట్టివేతలనూ, అంచుల్లోని రాతలనూ వదలకుండా ఎత్తి రాసుకోవాలి.

పఠన మందిరంలో పెన్సిల్ తప్ప పెన్ను వాడకూడదు. కావలసిన దస్త్రాల నంబర్లు ముందే పంపండి. ఒక్కసారి ఒకే దస్త్రం తెరిచి, కాగితాల వరుస చెదరకుండా చూడండి. ఫొటోలకు అనుమతి ఉంటే ఫ్లాష్ లేకుండా తీయండి, దస్త్రం నంబరు రాసిన చీటీని ప్రతి ఫొటోలోనూ పెట్టండి. ఆ చీటీ లేని ఫొటో ఇంటికొచ్చాక ఎందుకూ పనికిరాదు.

ఫొటో తీయనిచ్చారంటే అచ్చు వేసుకోమని కాదు. కాగితం గ్రంథాలయానిది, కాపీరైటు రాసినవాళ్ల వారసులది. బ్రిటన్ చట్టం ప్రకారం లార్కిన్ రాతలకు అది 2055 చివరిదాకా ఉంటుంది; ఆయన హక్కుదారుల తరఫున అనుమతులు చూసేది లండన్‌లోని సొసైటీ ఆఫ్ ఆథర్స్ అనే రచయితల సంఘం. ఆయనకు మోనికా రాసిన ఉత్తరాలకు అనుమతి ఇక్కడ దొరకదు, ఆమె హక్కుదారులను వేరేగా అడగాలి. ఏ వాక్యాలు ఉటంకిస్తారో తేలగానే అర్జీ పెట్టండి, పుస్తకం అచ్చుకు వెళ్లేదాకా ఆగొద్దు.