శీలావతి చేప అస్థిపంజరం తల ఊడిపోకుండా తీయడం ఎలా?

సైన్స్ ఫెయిర్‌లో పెట్టే చేప అస్థిపంజరాల్లో చాలావాటికి తల ఉండదు. వెన్నెముక దర్జాగా నిలబడుతుంది, తల మాత్రం పక్కనే ప్లాస్టిక్ కవర్లో ముక్కలుగా పడుంటుంది. అడిగితే "ఉడికించామండీ" అంటారు. ఉడికిస్తే వచ్చేది కూర.

కావలసినవి: కిలో దాటిన శీలావతి, వెడల్పాటి గిన్నె, పాత టూత్‌బ్రష్, ఫోర్సెప్స్, సూది, గిన్నెలు తోమే లిక్విడ్, మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్, సన్నటి స్టీలు తీగ, జిగురు. ఏ చేపైనా ఒకటే అనేవాళ్ల మాట వినకండి, మొదటిసారికి శీలావతే కొనాలి. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల పుణ్యమా అని ఎక్కడైనా దొరుకుతుంది. కొట్టించకుండా తెచ్చుకోండి, బేరం కుదిరిన మరుక్షణం రెక్కలు నరికి తల రెండు చేసేస్తారు, కాబట్టి ముందే చెప్పాలి. ల్యాబ్ సీసాలోని చేప అసలే వద్దు. ఫార్మలిన్‌లో గట్టిపడ్డ మాంసం ఎముకను వదలదు.

పొలుసు తోక నుంచి తల వైపు చెంచాతో గీకండి. పొలుసు మొదలు చర్మం లోపొరలోని చిన్న సంచిలో ఉంటుంది, కొస తోక వైపు. చేతికి అంటుకునే జిగురంతా పైనున్న పలచటి పొరది. పక్కన నడిమధ్య సాగే చుక్కల గీత మీది పొలుసులు రెండు మూడు దాచండి. వెలుతురుకు ఎత్తి పట్టి చూస్తే నున్నటి అంచు, వలయాలు, మధ్యలో సన్నటి గొట్టం కనిపిస్తాయి. నీటి కదలికను చేప పసిగట్టేది ఆ గీత వెంబడే.

పొట్ట శుభ్రం చేసి, పక్కటెముకలు తెగకుండా రెండు వైపులా మాంసం ఒలవండి. అందులో వచ్చే సన్నటి చీలిక ముళ్లు వెన్నుపూసకు అతుక్కుని ఉండవు, మాంసంలోనే ఉంటాయి. వాటిని వేరే సీసాలో వేయండి. తెచ్చి వెన్నెముకకు అతికించడం తప్పు.

ఇప్పుడు తల. దీన్ని తొందరలో చేసేటట్టయితే మానేయండి.

చేప తల ఒక్క ఎముక కాదు. డజన్ల కొద్దీ పలచటి ఎముకలు, వాటిని పట్టి ఉంచే బంధన కణజాలం. వేడికి అది జిలాటిన్‌గా కరుగుతుంది. చేపల పులుసు మర్నాటికి చిక్కబడేది ఇలాంటి జిలాటిన్ వల్లే. నీళ్లు మరిగాయా, కట్టు కరిగింది, తల విడిపోయింది. అందుకని గిన్నె అడుగున చిన్న బుడగలు కట్టగానే పొయ్యి ఆపి, అప్పుడు తలను ముంచాలి. రెండు మూడు నిమిషాలు, వెంటనే చన్నీళ్లలోకి. బుగ్గ మాంసం రేకుల్లా లేస్తుంది. లేచినంత తీసి మళ్లీ ముంచండి. "ఇంకాస్సేపు ఉంచుదాం" అనిపించిన చోటే పని చెడుతుంది. మొప్ప మూత వదులుగా ఊగుతోందంటే ఇక వేడి నీళ్లు చాలు. మిగిలిన మాంసం మామూలు నీళ్లలో మూత పెట్టి కొన్నాళ్లు వదిలేస్తే అదే కుళ్లి ఊడుతుంది. వాసన వస్తుంది, డాబా మీద పెట్టుకోండి.

ఇంకో రెండు జాగ్రత్తలున్నాయి. తలను మొదటి పూస దగ్గర విరవకండి, అయిదో పూస తర్వాత కోయండి. మొదటి నాలుగు పూసల పక్కన గాలితిత్తిని లోపలి చెవికి కలిపే బుల్లి ఎముకలుంటాయి. అక్కడ బ్రష్ తగలకూడదు, సూది మొన, నీటి చుక్కలతోనే పని. బ్రష్‌తో రుద్దేవాళ్లు వాటిని సింకులోకి పంపి ఊరుకుంటారు. రెండోది, శీలావతికి దవడల్లో పళ్లుండవు. మొప్పల వెనక గొంతులో కొడవలి ఆకారపు ఎముకలు రెండుంటాయి, పళ్లు వాటి మీదే, మూడు వరసల్లో. మొప్పలు పారేసే ముందు వాటిని తీసి పెట్టుకోండి.

చీమల పుట్ట దగ్గర పెట్టమనీ, మట్టిలో పాతమనీ సలహాలిస్తుంటారు. సలహా ఇచ్చినవాళ్లను ఆ గొంతు ఎముకలు చూపించమనండి.

ఊడిన ప్రతి ఎముకనూ చేప బొమ్మ గీసిన కాగితం మీద, కుడి ఎడమలు రాసి పెట్టండి. లిక్విడ్ కలిపిన గోరువెచ్చని నీళ్లు మారుస్తూ కొవ్వు వదిలించి, ఒక రోజు పెరాక్సైడ్‌లో ఉంచండి. బ్లీచింగ్ పౌడర్ వద్దు, ఎముక సుద్దలా పొడి రాలుతుంది. నీడన ఆరాక పూసల పైభాగంలో వెన్నుపాము పోయే దారిలోంచి తీగ దూర్చండి. ముందు వెన్నెముక నిలబెట్టి, తర్వాత తల, చివర రెక్కలు అతికించండి.