ప్రొజెక్టర్ బొమ్మ అంచుల్లో మసక: ముందు అది ఎక్కడుందో చూడండి

మ్యాచ్ నడుస్తుంటుంది. మధ్యలో బౌలర్ చొక్కా మీద అంకె కూడా తేటగా కనిపిస్తుంది, కింద మూలనున్న స్కోరు మాత్రం అలుక్కుపోయి ఉంటుంది. ఫోకస్ తిప్పి స్కోరును సరిచేస్తే ఈసారి బౌలర్ మసకబారతాడు. ఇలా అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంటే ఒరిగేదేమీ లేదు. మసక ఏ వైపున ఉందో చూస్తే కారణం చాలావరకు అక్కడే దొరుకుతుంది. ఫోకస్ రింగు జోలికి అన్నిటికన్నా ఆఖరున వెళ్లాలి.

పరీక్షించే ముందు ప్రొజెక్టర్ వేసి అరగంట ఆగండి. లెన్సూ దాన్ని పట్టి ఉంచే భాగాలూ వేడికి కాస్త సాగుతాయి, దాంతో ఫోకస్ పక్కకు తప్పుతుంది. వేసిన వెంటనే సరిచేసుకున్న బొమ్మ ఇంటర్వెల్ నాటికి మసకబారేది ఇందుకే. తర్వాత ల్యాప్‌టాప్ తగిలించి, ఎక్సెల్‌లో ఖాళీ షీటు తెరిచి, నాలుగు మూలల్లోనూ నడిమధ్యనా చిన్న అక్షరాలు టైప్ చేసి తెర నిండా పెట్టండి. సినిమా దృశ్యంతో పరీక్ష వద్దు, అందులో నేపథ్యాన్ని కావాలనే మసకగా తీసి ఉండవచ్చు.

పైన మసక, కింద తేట. లేదా ఒక పక్కే మసక

అద్దె ఇళ్లలో ముందుగా అనుమానించాల్సింది దీన్నే. చెన్నైలో వేళచ్చేరిలోనో షోళింగనల్లూరులోనో ఇల్లు తీసుకుంటే, సీలింగుకు డ్రిల్లింగ్ అనగానే ఇంటి ఓనరు వద్దంటాడు. దాంతో ప్రొజెక్టర్ టీపాయ్ మీదికి చేరుతుంది, ముందు కాళ్ల కింద రెండు పుస్తకాలు పెట్టి దాని మూతి పైకెత్తుతారు. అప్పుడు లెన్సు నుంచి బొమ్మ పై అంచుకు దూరం పెరుగుతుంది, కింది అంచుకు తగ్గుతుంది. రెండు దూరాలకూ ఒకేసారి ఫోకస్ కుదరదు. బొమ్మ కూడా పైన వెడల్పుగా, కింద ఇరుకుగా పడుతుంది.

ఇక్కడే చాలామంది మెనూలోని కీస్టోన్ అనే సెట్టింగ్ నొక్కుతారు. అది బొమ్మ ఆకారాన్ని మాత్రమే దీర్ఘచతురస్రంగా సరిచేస్తుంది. గోడకున్న దూరాలు అలాగే ఉంటాయి కాబట్టి మసక పోదు. పైగా అది కొన్ని పిక్సెళ్లను వదిలేసి మిగిలినవాటిలోనే బొమ్మను ఇరికిస్తుంది, దాంతో సబ్‌టైటిళ్లలాంటి చిన్న అక్షరాలు ఇంకా చెడతాయి. కీస్టోన్‌ను నిత్యం వాడుకునే సౌకర్యంగా కాక, వేరే దారి లేనప్పటి సర్దుబాటుగా చూడాలని నా గట్టి అభిప్రాయం.

కాబట్టి కీస్టోన్‌ను సున్నాకు తెచ్చి, ఆటో కీస్టోన్ ఉంటే ఆపేయండి. ఫోన్‌లో మట్టం చూపే యాప్‌తో ప్రొజెక్టర్‌ను మట్టంగా పెట్టండి. బొమ్మ పైకి కావాలంటే మూతి ఎత్తకుండా మొత్తం ప్రొజెక్టర్‌నే ఎత్తులో పెట్టండి. సోఫా వెనక పొడవాటి స్టూలో, నేల మీద నిలబడే స్టాండో చాలు, గోడకు చిల్లు పడదు. చాలా మోడళ్లలో మట్టంగా ఉన్నా బొమ్మ కాస్త పైకే పడుతుంది, అది కూడా కలిసొస్తుంది. లెన్స్ షిఫ్ట్ ఉన్న మోడలైతే పెట్టెను కదల్చకుండానే బొమ్మను పైకీ కిందికీ జరపవచ్చు.

పక్కల విషయం టేపుతో తేలుతుంది. లెన్సు నుంచి బొమ్మ ఎడమ అంచుకూ కుడి అంచుకూ కొలవండి. 16:9 ఆకారంలో, మూల నుంచి ఎదుటి మూలకు 100 అంగుళాలున్న బొమ్మ వెడల్పు దాదాపు 221 సెంటీమీటర్లు, లెన్సు సరిగ్గా దాని నడిమికి ఎదురుగా ఉండాలి. రెండు కొలతలూ సమానమయ్యేదాకా ప్రొజెక్టర్‌ను జరుపుతూ, తిప్పుతూ చూడండి. ఆ తర్వాతే ఫోకస్.

నాలుగు మూలలూ ఒకే తీరుగా మసక

ఇది లెన్సు స్వభావం. లెన్సు తేటగా చూపే తలం బల్లపరుపుగా కాక గిన్నె లోపలి వైపులా వంగి ఉంటుంది, గోడేమో చదునుగా ఉంటుంది. మంచి ప్రొజెక్టర్లలో ఎక్కువ గాజు కటకాలు వాడి ఈ వంపును తగ్గిస్తారు, చవక వాటిలో అది మిగిలిపోతుంది. ఫోకస్‌ను నడిమధ్యన చూసి పెట్టకుండా, మధ్యకూ మూలకూ సగం దూరంలో ఉన్న అక్షరాలు తేటగా కనిపించేలా పెట్టండి. మధ్యలో ఇసుమంత పోతుంది, మూలల్లో బాగా తేడా వస్తుంది. ఆటో ఫోకస్ సాధారణంగా బొమ్మ మధ్యభాగాన్నే చూసుకుంటుంది కాబట్టి ఈ పని చేత్తో చేయాల్సిందే.

అదీ చాలకపోతే సెట్టింగ్స్‌లో బొమ్మ సైజును 90 శాతానికి తగ్గించండి. అప్పుడు లెన్సు అంచులను వదిలి నడిమి భాగమే పనిచేస్తుంది. కొన్ని పిక్సెళ్లు పోతాయి, మూలలు మాత్రం బాగుపడతాయి. తగ్గిన సైజును మళ్లీ మునుపటంత చేసుకోవాలంటే ప్రొజెక్టర్‌ను కాస్త వెనక్కి జరిపి ఫోకస్ మళ్లీ చూసుకోండి. అంతకుమించి చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారైన రిచ్చీ స్ట్రీట్‌లో ఎంత మంచి మెకానిక్‌కి ఇచ్చినా ఆ లెన్సుతో ఇంకా తేటగా రాదు, డబ్బు దండగ చేసుకోకండి. మూలలే కాదు, తెరంతా అక్షరాలు మెత్తగా ఉంటే డబ్బా మీద నేటివ్ రిజల్యూషన్ (లోపల బొమ్మను తయారుచేసే ప్యానెల్‌లో నిజంగా ఉన్న పిక్సెళ్ల లెక్క) చూడండి. ‘4కె సపోర్ట్’ అంటే ఆ సిగ్నల్‌ను తీసుకుంటుందనే అర్థం, లోపలి ప్యానెల్ 1280×720 మాత్రమే కావచ్చు.

మంచు పట్టినట్టు మసక

ఏసీ గదిలో చల్లబడిన లెన్సుకు బయటి తేమగాలి తగిలితే ఆవిరి పడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నై వానల్లో ఇది మామూలే. తుడవకండి, కాసేపట్లో దానంతటదే ఆరిపోతుంది. ఆరినా పోని మసక ఉంటే ప్రొజెక్టర్ ఆపి, చల్లారనిచ్చి, టార్చి వేసి లెన్సును ఏటవాలుగా చూడండి. సాలెగూడు పోగుల్లాంటి గీతలు కనిపిస్తే అది బూజు (ఫంగస్). లోపలి గాజుకు పట్టి ఉంటే సర్వీసుకు ఇవ్వాల్సిందే. పైన ఉన్నది దుమ్మే అయితే ముందు బ్లోయర్‌తో ఊది, మైక్రోఫైబర్ గుడ్డ మీద లెన్స్ క్లీనర్ రెండు చుక్కలు వేసి మధ్య నుంచి అంచుకు తుడవండి. కిటికీ అద్దాలు తుడిచే ద్రవం వాడితే లెన్సు పైపూత దెబ్బతింటుంది. తిరువాన్మియూరు, బీసెంట్ నగర్ లాంటి సముద్రం దగ్గరి ఇళ్లలో, వాడనప్పుడు ప్రొజెక్టర్‌ను సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో పెట్టడం మంచిది.

అక్షరాల చుట్టూ ఎర్ర, నీలి అంచులు

మూలల్లోనే ఉంటే సాధారణంగా లెన్సు వల్ల, కొంత భరించాలి. మధ్యలో కూడా ఉండి, మీది ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకు ఒక్కోటి చొప్పున మూడు ప్యానెళ్లున్న ఎల్‌సీడీ ప్రొజెక్టర్ అయితే ప్యానెళ్లు కాస్త పక్కకు జరిగి ఉండవచ్చు. మెనూలో ప్యానెల్ అలైన్‌మెంట్ ఉందేమో వెతకండి.

అన్నీ సరిచేసినా ఒకే మూల మసక

వేలాడే స్క్రీన్ అయితే ముందు ఫ్యాన్ ఆపి చూడండి, అంచు ముడుచుకుని ఊగుతుండవచ్చు. అయినా పోకపోతే ప్రొజెక్టర్‌ను తలకిందులుగా, గాలి రంధ్రాలు మూసుకుపోకుండా, మట్టంగా గోడకు ఎదురుగా పెట్టి మళ్లీ ఫోకస్ చేయండి. మసక ఐమూలగా ఉన్న ఎదుటి మూలకు మారితే లోపం ప్రొజెక్టర్‌ది: లెన్సు వంకరగా బిగించి ఉంటుంది. గోడ మీద అదే చోట నిలిచిపోతే గోడనో స్క్రీన్‌నో అనుమానించాలి. లెన్సుదని తేలితే రెండు స్థితుల్లోనూ ఎక్సెల్ షీటును ఫోటో తీసి, బిల్లుతో సహా రిటర్న్ గడువులోపే అమ్మినవాళ్లకు పంపండి. వారంటీ ఉండగా లెన్సు స్క్రూలు మీరు విప్పకండి.