తూర్పు జర్మనీ లేబుల్ చదవడం – 4వ పాఠం: ఈ డీఎం ఎవరిది?

పోయిన పాఠంలో ఒక తూర్పు జర్మనీ ఊరగాయ సీసా లేబుల్ ఇచ్చి అది ఏ ఏడాదిదో చెప్పమంటే, చాలామంది 1990 అని జవాబు రాశారు. ధర పక్కన "డీఎం" (డాయిష్ మార్క్) కనబడగానే పశ్చిమ జర్మనీ డబ్బు అనేసుకున్నారు. కాదు. ధరల లెక్క తర్వాత, ముందు ఈ ముడి విప్పాలి.

తూర్పు జర్మనీ కూడా 1964 దాకా తన డబ్బును డాయిష్ మార్క్ అనే పిలిచింది. 1964 నుంచి 1967 దాకా ఎండీఎన్, అంటే జర్మన్ నోట్ బ్యాంకు మార్కు. 1968 నుంచి ఉత్త "ఎం", అంటే మార్కు. 1990 జూలై 1న రెండు జర్మనీల ద్రవ్యం ఒకటయ్యాక మళ్లీ డీఎం, ఈసారి పశ్చిమానిది. అంటే ఒకే పేరు రెండుసార్లు, మధ్యలో పాతికేళ్ల ఎడం. ధర ఒక్కటే చూసి ఏడాది చెప్పకండి. మూడు చోట్ల చూడండి.

మొదటిది, ధర ముందు "ఈవీపీ" ఉందా? మన ఎంఆర్‌పీ గరిష్ఠ ధర, ఈవీపీ మాత్రం దేశమంతా కచ్చితంగా అంతకే అమ్మాల్సిన ధర. అది ఉంటే పాత డీఎం. రెండోది, తయారీదారు పేరు ముందు "వీఈబీ", అంటే ప్రభుత్వ కర్మాగారం. అవి కూడా 1990 జూలై 1నే కంపెనీలుగా మారాయి. మూడోది పిన్ కోడ్, నేను ఎక్కువగా నమ్మేది ఇదే. తూర్పున నాలుగంకెల కోడ్ 1965లో వచ్చింది. పునరేకీకరణ తర్వాత దాని ముందు తూర్పు అని తెలిపే "ఓ" చేరింది. 1993 జూలై 1 నుంచి దేశమంతటా ఐదంకెలు. మన సీసా మీద ఈవీపీ ఉంది, నాలుగంకెల కోడ్ లేదు. కాబట్టి 1964 లోపుదే. పాత లేబుళ్లు అయిపోయేదాకా అంటిస్తారు గనక ఏడాది అటూ ఇటూ వదలండి.

పాత బొమ్మ, పాత అక్షరాలు, కింద ఐదంకెల కోడ్ ఉంటే అది పాత రోజుల మీద మమకారంతో కొనేవాళ్ల కోసం తర్వాత చేసిన సరుకు. "ఓస్టాల్జీ" అనే మాట పుట్టింది ఆ మమకారానికే.

ఇప్పుడు ధరలు. యూరోల్లోకి, రూపాయల్లోకి మార్చకండి, ఏమీ తెలియదు. పని గంటల్లోకి మార్చండి. 1989లో సగటు జీతం నెలకు సుమారు 1,300 మార్కులు. మామూలు వారం 43 గంటల 45 నిమిషాలు, నెలకు 190 గంటలనుకోండి. నేను గంటకు 7 మార్కులు వేసుకుంటాను. 5 ఫెనిగ్‌ల (మార్కుకు 100 ఫెనిగ్‌లు) బన్ను అర నిమిషం పని. 125 గ్రాముల రోండో బ్రాండు కాఫీ 8.75 మార్కులు, అంటే గంటంపావు. అప్పుడు అంతా చవక అని బన్నును తలచుకునేవాళ్లూ, అంతా ఖరీదు అని కాఫీని తలచుకునేవాళ్లూ ఇద్దరూ నిజమే చెబుతున్నారు. సబ్సిడీ ఒకదానికుంది, రెండోదానికి లేదు.

తూర్పు జర్మనీ వాళ్ల ట్రాబాంట్ కారు దగ్గర ఈ లెక్క చాలదు. దాదాపు 12,000 మార్కులు, అంటే తొమ్మిది నెలల జీతం. కానీ వంతు రావడానికి పదేళ్లు పైనే. అందుకే వాడిన కారు కొత్తదానికంటే ఎక్కువ పలికేది. ధర, పని గంటలు రాసుకునే పట్టికలో "నిరీక్షణ" అని మూడో గడి గీయండి.

అభ్యాసం: బన్ను, కాఫీ, కారుతో పాటు చదరపు మీటరుకు 1 మార్కు చొప్పున 60 చదరపు మీటర్ల ఇంటి అద్దె తీసుకోండి. నాలుగింటికీ ధర, పని గంటలు, నిరీక్షణ నింపండి. 1990 జూలైలో జీతాలు ఒకటికి ఒకటి చొప్పున మారాయి. ఆ నెలలో ఏ గడి ముందు మారింది, ఏది ఆలస్యమైంది, ఎందుకో ఒక్కోదానికి రెండు వాక్యాలు రాయండి.